లండన్ మారథాన్ మా వీధిలో: వానలో 26.2 మైళ్ళు, నా అనుభవం

2020 మార్చి 13, శుక్రవారం మధ్యాహ్నం మా రన్నింగ్ గ్రూపు వాట్సాప్ ఒక్కసారిగా మోగిపోయింది. ఏప్రిల్ 26న జరగాల్సిన లండన్ మారథాన్ కరోనా వల్ల అక్టోబర్ 4కి వాయిదా. నిజం చెప్పాలంటే ఆ వార్త అందరం ఊహిస్తున్నదే. అయినా చదివాక కాసేపు ఏ పనీ చేయబుద్ధి కాలేదు. చలికాలమంతా తెల్లవారుజామున లేచి, చీకట్లో నెత్తిన టార్చి కట్టుకుని, సున్నా డిగ్రీల్లో పరుగెత్తింది ఆ ఒక్క ఆదివారం కోసమే.

బాలట్‌లో, అంటే చోటు కోసం తీసే లాటరీలో, పేరు రావడమే పెద్ద అదృష్టం. 2020 రేసుకి నాలుగున్నర లక్షల మందికి పైగా పేర్లిచ్చారు. అంతకుముందు ప్రతి ఏడూ "ఈసారికి లేదు" అన్న కబురే వచ్చేది నాకు. మేం ఉండేది లండన్‌కి ఉత్తరాన ఉన్న మిల్టన్ కీన్స్‌ అనే ఊళ్ళో. ఆదివారం పొద్దున విల్లెన్ లేక్ చుట్టూ పరుగెత్తే తెలుగువాళ్ళ బ్యాచ్ ఒకటి ఉంది. అందులో లండన్‌కి చోటు దొరికింది ఇద్దరికే. బాలట్‌లో నాకు, ఛారిటీ తరఫున మా అన్నకి. సొంత అన్న కాదు, ఉద్యోగం మారి లీడ్స్ వెళ్ళిపోయినా గ్రూపు మాత్రం వదలని మనిషి. ఆయన 2,000 పౌండ్లు పోగుచేసి ఇస్తానని ఛారిటీకి మాటిచ్చాడు. నాకు పోయేది రేసు మాత్రమే. ఆయన అయితే ఆఫీసులో అందరి దగ్గరా డబ్బు తీసుకుని కూర్చున్నాడు.

పది రోజులకి లాక్‌డౌన్. రోజుకి ఒక్కసారే వ్యాయామానికి బయటికి వెళ్ళాలి. మా గ్రూపులో ఒక వదిన ఆసుపత్రిలో నర్సు. ఆవిడ డ్యూటీ దిగి వచ్చి పెట్టే నాలుగు మాటల మెసేజీలు చూస్తుంటే, రేసు పోయిందని బాధపడటానికి కూడా సిగ్గేసేది. అలాగని బాధ పోలేదు. ఇంట్లో వంటగది తలుపు వెనక అంటించుకున్న ట్రైనింగ్ చార్టు ఏప్రిల్ దాకా అలాగే ఉండిపోయింది. తీసేద్దామంటే చెయ్యి రాలేదు.

ఏప్రిల్ 26 దగ్గరపడేసరికి 2.6 ఛాలెంజ్ అని ఒకటి మొదలైంది. మారథాన్ లేక ఛారిటీలకి డబ్బు రాకుండా పోతోందని, అదే రోజున ఎవరింట్లో వాళ్ళు 2.6 గానీ 26 గానీ కలిసొచ్చే పని ఏదైనా చేసి చందాలు పోగుచెయ్యండి అన్నారు. మా వాళ్ళకి ఇలాంటివి చెప్పాలా! ఆ ఆదివారం పొద్దున జూమ్‌లో కూడాం. గ్రూపులో పెద్దాయన 26 సూర్యనమస్కారాలు మొదలుపెట్టి, పద్దెనిమిది దగ్గర కూర్చుండిపోయి, మంచినీళ్ళు తాగి మిగతావి పూర్తిచేశాడు. ఇంకొకాయన 26 దోసెలు వేశాడు. ప్రతి దోసెనీ కెమెరాకి చూపించి మరీ లెక్కపెట్టించాడు. పిల్లలు తాడాట ఆడారు. నేను బయటికెళ్ళి 2.6 మైళ్ళు పరుగెత్తి వచ్చాను. మా నర్సు వదిన మాత్రం "నేను 2.6 గంటలు ఎక్కువ నిద్రపోతాను, దానికి మీరంతా డబ్బులివ్వండి" అంది. ఆ రోజు అందరికంటే ఎక్కువ చందా ఆవిడ నిద్రకే వచ్చింది. నలభై నిమిషాలకి ఉచిత మీటింగు కట్ అయిపోవడం, మళ్ళీ లింకు పంపుకోవడం, మధ్యలో ఎవరో మ్యూట్ తియ్యకుండా మాట్లాడటం మామూలే. ఏడుపొస్తుందనుకున్న రోజు నవ్వుతూ గడిచిపోయింది.

మే 13 నుంచి ఎన్నిసార్లయినా బయటికి వెళ్ళొచ్చని, వేరే ఇంటి మనిషి ఒకరితో దూరం పాటిస్తూ కలవొచ్చని అన్నారు. అక్టోబర్ మీద ఆశ పెట్టుకుని మళ్ళీ మొదలుపెట్టాను. ఆగస్టు 6న ఆ ఆశ కూడా పోయింది. అక్టోబర్ 4న లండన్‌లో ఎలీట్ అథ్లెట్లకి, అంటే ప్రపంచస్థాయి రన్నర్లకి, మాత్రమే రేసు, అదీ సెయింట్ జేమ్స్ పార్క్ చుట్టూ మూసేసిన దారిలో. మిగతావాళ్ళు అదే రోజు ఎక్కడివాళ్ళక్కడ 26.2 మైళ్ళు పూర్తిచేస్తే మెడల్, టీషర్టు ఇంటికి పంపిస్తారు. రోజు మొదలైన దగ్గర్నుంచి అర్ధరాత్రి దాకా, ఆ 24 గంటల్లో ఎప్పుడైనా సరే. పరుగెత్తొచ్చు, నడవొచ్చు, మధ్యలో ఆగి భోంచేసి రావొచ్చు. దూరం ఫోన్‌లో యాప్ లెక్కపెడుతుంది. చోటున్నవాళ్ళు అసలు రేసుని 2021, 2022, 2023ల్లో ఏదో ఒక ఏడాదికి జరుపుకోవచ్చు. చోటు లేనివాళ్ళు కూడా 20 పౌండ్లు కట్టి, ఈ ఎక్కడివాళ్ళక్కడ పరుగెత్తే వర్చువల్ రేసులో చేరొచ్చన్నారు.

మా గ్రూపులో ఆ సాయంత్రం జరిగిన వాదన ఇప్పటికీ చదువుకుని నవ్వుకుంటాం. "వర్చువల్ అంటే ఉత్తుత్తి మారథాన్" అని లీడ్స్ అన్న. "26.2 మైళ్ళు ఉత్తుత్తిగా ఎలా పరిగెడతారో చూపించు" అని మా డెంటిస్టక్క. ఆవిడకి ఎన్నేళ్ళుగానో బాలట్‌లో రాలేదు. వాదన నడుస్తుండగానే 20 పౌండ్లు కట్టేసి రసీదు ఫోటో పెట్టింది. మా ఆయన అయితే ఇంకో మాటన్నాడు: "రోడ్లు మూయరు, జనం ఉండరు, మన వీధిలో పరుగెత్తడానికి వాళ్ళు మెడల్ ఇవ్వడమేంటి?" నాకూ ఆ అనుమానం లేకపోలేదు. కానీ చార్టు ఇంకా తలుపు వెనకే ఉంది. ఆగస్టు నుంచి కొత్త తారీఖులు దాని మీదే పెన్నుతో రాసుకున్నాను.

ఆగస్టులో ఇంగ్లండ్‌లో ఎండలు మండిపోయాయి. పొడుగు పరుగులకి నాలుగున్నరకే లేచేదాన్ని. సెప్టెంబర్ 14 నుంచి ఆరుగురికి మించి గుమికూడకూడదన్న రూలొచ్చింది. దాంతో అందరం కలిసి ఒకేచోట మొదలుపెడదామన్న మాట అక్కడితో పోయింది. బదులుగా గ్రూపంతా కూర్చుని, అంటే ఎవరింట్లో వాళ్ళు కూర్చుని, ఒక పద్ధతి కట్టారు. నా ఒక్కో లాపుకి ఒక్కో మనిషి వచ్చి దూరం పాటిస్తూ కూడా పరుగెత్తడం, మిగతావాళ్ళు వాళ్ళ వాళ్ళ ఇళ్ళ దగ్గర మెట్లో ట్రెడ్‌మిల్లో ఎక్కి తోడుండటం.

దారి ఎంచుకోవడం గురించి కాస్త ఎక్కువే చెప్తాను. వర్చువల్‌లో అసలు తలనొప్పి అదే. మామూలు రేసులో గీత గీసి ఇస్తారు, మనం తల వంచుకుని పరుగెత్తడమే. ఇక్కడ టాయిలెట్ ఎక్కడ, నీళ్ళెక్కడ, రోడ్డు దాటాల్సిన చోట్లెన్ని, అన్నీ మనమే చూసుకోవాలి. మిల్టన్ కీన్స్‌లో రెడ్‌వేలు ఉండటం నా అదృష్టం. ఎర్ర తారు వేసిన నడక, సైకిలు దారులవి. పెద్ద రోడ్ల కిందుగా అండర్‌పాస్‌లలోంచి పోతాయి కాబట్టి సిగ్నల్ దగ్గర ఆగే పని ఉండదు. ఇంటి దగ్గర మొదలై రెడ్‌వే మీదుగా కాలువ గట్టుకి, అక్కణ్ణించి విల్లెన్ లేక్ చుట్టూ తిరిగి, అక్కడి పీస్ పగోడా అనే బౌద్ధ స్తూపం ముందు నుంచి ఇంటికి. ఒక చుట్టు ఆరున్నర మైళ్ళు. నాలుగు చుట్లయితే దాదాపు సరిపోతుంది.

ఇంటి ముందు నుంచి పోవాలా వద్దా అన్నదాని మీద చాలా ఆలోచించాను. లాభం ఏమిటంటే టాయిలెట్ మనదే, పొడి సాక్సులు మనవే, టిఫిన్ మనదే. నష్టం ఏమిటంటే తలుపు కూడా మనదే. ఎవరూ పట్టుకుని ఆపరు, లోపలికి వెళ్ళిపోవచ్చు. అలిసిపోయిన కాళ్ళకి అంతకంటే ప్రమాదం లేదు. అయినా టాయిలెట్ కోసం ఆ దారికే ఒప్పుకున్నాను. కరోనా రోజుల్లో ఏ కేఫ్ తెరిచి ఉంటుందో, లోపలికి రానిస్తారో లేదో చెప్పలేం.

ఖర్చు విషయానికొస్తే, లండన్ వెళ్ళే రైలు, ముందురోజు హోటలు, రేసు ముందు పెట్టే ఎక్స్‌పోలో అక్కర్లేని సామాన్లు కొనడం, ఇవన్నీ మిగిలాయి. బూట్లు ఎలాగూ కొనాల్సిందే. పరుగులో శక్తికి తినే జెల్స్, వాజలీన్, ఫోన్ పెట్టుకునే నడుం బెల్టు, ఒక పవర్ బ్యాంకు, అన్నీ కలిపి నలభై పౌండ్లు దాటలేదు.

ఇక వాన. రేసుకి వారం ముందు నుంచే ఫోర్‌కాస్ట్ భయపెట్టింది. శుక్రవారం ఇథియోపియా మారథాన్ దిగ్గజం బెకెలే పిక్క నొప్పితో తప్పుకున్నాడన్న వార్త వచ్చింది. కెన్యా దిగ్గజం కిప్‌చోగేతో ఆయన పోటీ చూద్దామనుకున్న మా ఆయన ముఖం అప్పుడు చూడాలి. శనివారం పొద్దుట్నుంచి రాత్రి దాకా ఒకటే వాన. దేశం మొత్తం మీద చూస్తే, 1891 నుంచి ఉన్న లెక్కల్లోనే అంత వాన పడిన రోజు ఇంకొకటి లేదని ఆ తర్వాత వాతావరణ శాఖవాళ్ళు చెప్పారు. ఆ సాయంత్రం అండర్‌పాస్ ఒకదాన్ని చూసొద్దామని వెళ్తే మధ్యలో చీలమండ దాకా నీళ్ళు. రాత్రి అన్నం, పప్పు, నెయ్యి తిని తొమ్మిదింటికి పడుకున్నాను గానీ, కిటికీ మీద వాన చప్పుడుకి నిద్ర ఎక్కడ పడుతుంది!

నాలుగింటికి మెలకువ వచ్చి ఫోన్ చూస్తే విశాఖపట్నం నుంచి మా బావ ఫోటో. ఆయనా విదేశాల కోటాలో పేరిచ్చాడు. మనకంటే నాలుగున్నర గంటలు ముందు కదా, చీకట్లోనే బీచ్ రోడ్డులో మొదలుపెట్టి, ఎండెక్కకముందే పూర్తిచేసి, సముద్రం వైపు తిరిగి కొబ్బరిబోండం పట్టుకుని నిలబడ్డాడు. చెమటకి చొక్కా ఒంటికి అతుక్కుపోయి ఉంది. కింద ఒకే ముక్క: "నాది అయింది, ఇక నీ వంతు మరదలా." మంచం మీద నుంచి అప్పటికప్పుడు లేచి కూర్చున్నాను. మారథాన్ నిజంగా మొదలైపోయిందని నాకు అనిపించింది అప్పుడే.

ఏడుంపావుకి టీవీలో ఆడవాళ్ళ రేసు మొదలైంది. సెయింట్ జేమ్స్ పార్క్ పక్కన ఎవరూ లేని రోడ్డు మీద, అదే వానలో వాళ్ళు లాపులు తిరుగుతున్నారు. మొత్తం పంతొమ్మిది లాపుల పైచిలుకు. నేను అరటిపండు తింటూ, మడమలకి వాజలీన్ రాసుకుంటూ చూశాను. ప్రపంచంలోకెల్లా గొప్ప రన్నర్లు కూడా చప్పట్లు కొట్టే మనిషి లేకుండా గుండ్రంగా తిరుగుతుంటే, నాలుగు చుట్లు తిరగబోయే నాకు కాస్త ధైర్యంగానే అనిపించింది.

ఏడూ నలభైకి గుమ్మం ముందు నిలబడి యాప్‌లో బటన్ నొక్కాను. నొక్కాను అంటే తేలిగ్గా జరిగిందని కాదు. తడి వేలికి ఫోన్ తెర పలకదు. టీషర్టుకి తుడిస్తే టీషర్టూ తడే. చివరికి మా అబ్బాయి గొడుగు పట్టి, వాడి పొడి వేలితో నొక్కాడు. "అమ్మా, వెళ్ళు!" అంతే, అదే తుపాకీ మోత. ఇలాంటి రోజు ఎవరైనా చేస్తే ఒక మాట: ఫోన్‌ని జిప్ ఉన్న ప్లాస్టిక్ సంచిలో వేసి, బయలుదేరాక మళ్ళీ దాన్ని ముట్టుకోకండి. ఎంత దూరం వచ్చామో చేతి వాచీలో చూసుకోవచ్చు.

మొదటి చుట్టుకి పెద్దాయన తోడొచ్చాడు. ఆయన నడకా పరుగూ కలిపి పోయే మనిషి. నేను ఎక్కువ స్పీడు వెళ్ళకుండా ఆయన్ని మొదట పెట్టింది మా డెంటిస్టక్క తెలివి. రెడ్‌వే మీద ఎర్ర నీళ్ళు పారుతున్నాయి. అండర్‌పాస్‌లోకి దిగగానే వాన చప్పుడు ఠక్కున ఆగిపోయి మన ఊపిరి మనకే వినిపిస్తుంది. బూట్లలో నీళ్ళు చిత్తడి చిత్తడిగా మోగుతాయి. ఇరవై అడుగులు వేశాక అటువైపు బయటపడితే మళ్ళీ నెత్తిన కుండపోత. మొదట్లో ఆ నీళ్ళ గుంటల్ని తప్పించుకుంటూ గోడ వారగా పోయాను. రెండో చుట్టు నుంచి ఎటూ తడిసేవే కదా అని మధ్యలోంచే పోయాను. నీళ్ళు చల్లగా తగులుతుంటే కాళ్ళకి హాయిగా కూడా ఉంది.

లేక్ దగ్గరికి వచ్చేసరికి నేను అస్సలు అనుకోనిది కనిపించింది. ఎదురుగా ఒకావిడ, ఛాతీ మీద నంబరు. ఆవిడ నన్ను చూసింది, నా నంబరు చూసింది, రెండు చేతులూ పైకెత్తి కేకేసింది. నేనూ కేకేశాను. కాసేపటికి ఇంకో ఇద్దరు. ఆ తర్వాత పీస్ పగోడా దగ్గర ఖడ్గమృగం వేషం నడుం దాకా లాక్కుని నడుస్తున్న మనిషి ఒకడు. ఎవరెవరో తెలియదు, ఎవరి దారి వాళ్ళదే, ఎవరు ఎన్నో మైలులో ఉన్నారో కూడా తెలియదు. కానీ అందరం ఒకే రేసులో ఉన్నాం. ఏ రోజైనా చేసుకోండి అని నెల గడువిచ్చి ఉంటే ఇది జరిగేది కాదు. ఒకే రోజు అన్నందువల్లే ఇది రేసైంది. ఇంట్లో కూర్చుని వాదించినప్పుడు ఈ సంగతి మా ఎవరికీ తట్టలేదు.

డెంటిస్టక్క బ్లెచ్లీ వైపు నుంచి ఎదురు దిక్కులో వస్తూ తొమ్మిదో మైలు దగ్గర కలిసింది. ఆవిడ వంటింటి చేతి తొడుగులు వేసుకుని పరిగెడుతోంది, గిన్నెలు తోమే పసుపు రబ్బరువి. "మామూలు గ్లోవ్స్ తడిసిపోతాయి, ఇవి తడవవు" అంది ఆగకుండానే. డాక్టర్ల బుర్ర అలా పనిచేస్తుంది!

ఇంటి ముందు మా ఆయన పెళ్ళిళ్ళకి వాడే మడత బల్ల వేసి, దాని మీద బీచ్ గొడుగు పాతాడు. ఉడకబెట్టి ఉప్పు చల్లిన ఆలుగడ్డ ముక్కలు, ఖర్జూరాలు, పల్చటి మజ్జిగ, వేడి నీళ్ళ ఫ్లాస్కు. జెల్స్ రెండిటి తర్వాత నాకు వెగటు పుట్టింది, ఆ ఉప్పు ఆలుగడ్డే నన్ను నడిపించింది. పక్కింటి ఇంగ్లీషు పెద్దావిడ వాకిట్లో నిలబడి గరిటెతో గిన్నె మోగించింది. వసంతంలో గురువారాలు డాక్టర్లకి, నర్సులకి చప్పట్లు కొట్టినప్పుడు ఆవిడ వాడిన గిన్నె అదే. నేను వచ్చిన ప్రతిసారీ ఎలా తెలుసుకుందో గానీ, బయటే ఉంది.

మూడో చుట్టు అయి పందొమ్మిదిన్నర మైళ్ళ దగ్గర ఇంటి ముందుకి వచ్చినప్పుడు నేను భయపడినంతా జరిగింది. ఒళ్ళు వణుకుతోంది, కుడి మోకాలు లాగుతోంది, తడి బట్ట ఒరుసుకుని చంకల కింద మంట. తలుపు తీసే ఉంది. హాల్లోంచి హీటర్ వెచ్చదనం వాకిట్లోకే తగులుతోంది. టీవీలో మగవాళ్ళ రేసు కామెంటరీ వినిపిస్తోంది. సాక్సులు మార్చుకోవడానికని గుమ్మంలో కూర్చున్నాను. మా ఆయన టవల్ ఇచ్చి, "24 గంటలూ ఉందిగా, కాసేపు పడుకుని సాయంత్రం వెళ్ళొచ్చు" అన్నాడు. ప్రేమగానే అన్నాడు పాపం. నిజంగా రూల్స్‌లో తప్పు కూడా కాదు. నాకు మాత్రం కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. కూర్చున్నది ఎంతసేపో తెలీదు.

అప్పుడు వీధి చివర కారొచ్చి ఆగింది. నర్సు వదిన. నైట్ డ్యూటీ దిగి, ఇంటికి కూడా పోకుండా వచ్చింది. కారు దిగలేదు, అద్దం సగం దించింది. వైపర్లు ఊగుతూనే ఉన్నాయి. ముఖం మీద మాస్కు అచ్చు ఇంకా ఎర్రగా ఉంది. "కూర్చున్నావేంటే? నువ్వు లేస్తే నేనింటికెళ్ళి పడుకుంటా" అంది. లేచాను. ఇంకేం మాట్లాడతాం ఆవిడ ముందు!

ఆఖరి చుట్టుకి మా గ్రూపులో చిన్నవాడు, యూనివర్సిటీ కుర్రాడు, ఒక చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకుని వచ్చాడు. రేడియో కామెంటరీ వాడే చెప్పుకుంటూ పోయాడు. ఆడవాళ్ళలో కోస్‌గే 2:18:58లో గెలిచిందట. రెండో స్థానం కోసం సారా హాల్ ఆఖరి అడుగుల్లో చెప్‌న్‌గెటిచ్‌ని దాటేసిందట. మగవాళ్ళకి బ్రిటన్ రన్నర్ మో ఫరా పేస్ పెట్టాడట, అంటే ముందు పరుగెత్తి వేగం చూపించాడట. ఆ తర్వాత ఒక్కసారిగా "అక్కా, కిప్‌చోగే వెనకబడ్డాడు!" అని అరిచాడు. నేను నమ్మలేదు. కాసేపటికి ఖాయమైంది: షురా కిటాటా ఒక్క సెకను తేడాతో 2:05:41లో గెలిచాడు, కిప్‌చోగే ఎనిమిదో స్థానం. చెవి మూసుకుపోయి ఇబ్బందైందని ఆయన తర్వాత చెప్పాడు. పాపం అనిపించింది గానీ, ఆ వానలో ఆ మహానుభావుడికే అలా అయితే నా మోకాలు లాగడం పెద్ద వింత కాదని కూడా అనిపించింది.

వాచీలో 26.2 కనిపించేసరికి మా వీధి మలుపు తిరిగాను. మా అబ్బాయి, పక్కింటావిడ నా పాత పసుపు చున్నీని చెరో కొస పట్టుకుని రిబ్బన్‌లా నిలబడ్డారు. వీడియో కాల్‌లో గ్రూపంతా అరుస్తోంది. అప్పుడు సంచిలోంచి ఫోన్ తీసి చూస్తే యాప్‌లో 25.8. అండర్‌పాస్‌ల కింద సిగ్నల్ పోయిన చోటల్లా కొంచెం కొంచెం దూరం మింగేసింది కాబోలు. అక్కడ లెక్క దానిదే, నా వాచీది కాదు. రిబ్బన్ ముందు నుంచి వెనక్కి తిరిగి, మా వీధి ఈ చివరి నుంచి ఆ చివరికి, మళ్ళీ ఇటూ పరిగెత్తాను. నేను వెళ్ళినప్పుడల్లా చున్నీ దించడం, వచ్చినప్పుడల్లా ఎత్తడం, "ఇప్పుడా?", "ఇంకా కాదు!" మధ్యలో బిన్నుల పక్క నుంచి పోస్టు పెట్టెదాకా ఒక చుట్టు అదనం. వీధిలో రెండు మూడు ఇళ్ళవాళ్ళు కూడా ఏమైందోనని బయటికొచ్చారు. ఫోన్ టింగుమన్నప్పుడు నేను రిబ్బన్‌కి ఇవతల కాదు, అవతల ఉన్నాను. మళ్ళీ వెనక్కెళ్ళి ఫోటో కోసం దాన్ని తెంచాను. ఒంటి గంట దాటింది. మీరు వర్చువల్ చేసేటట్లయితే, మీ దారిలో సొరంగాలో దట్టమైన చెట్లో ఉంటే, ఒక అరమైలు ఎక్కువే వేసుకుని బయలుదేరండి.

వేడి నీళ్ళు ఒరిపిడి మీద పడినప్పుడు పెట్టిన కేకకి మా అబ్బాయి స్నానాలగది తలుపు కొట్టాడు. తర్వాత పెరుగన్నం, ఆవకాయ. రేసు ముగిసిన అరగంటకి సొంత మంచం మీద పడుకోవడం మాత్రం లండన్‌లో దొరకదు.

కథ అక్కడితో అయిపోలేదు. మధ్యాహ్నం మూడింటికి లీడ్స్ అన్న గ్రూపులో ఒక ప్రశ్న పెట్టాడు: "ఇంకా తొమ్మిది గంటలుంది కదా?" పొద్దుట్నుంచీ మా ఫోటోలు చూస్తూ ఒక్క ముక్క కూడా మాట్లాడని మనిషి. వేసవిలో ట్రైనింగ్ సగంలోనే వదిలేశాడు. అందరం ఒకటే చెప్పాం: నడువు. మూడున్నరకి బయలుదేరాడు. చీకటి పడ్డాక కాలువ గట్టు మీద వద్దని, వీధి దీపాలున్న రోడ్లలోనే వాళ్ళ కాలనీ చుట్టూ తిరిగాడు. రాత్రి ఎనిమిదింటికి జూమ్ తెరిచాం. ఆయన ఫోన్ జేబులో, కెమెరాలో చీకటి, మధ్యలో ఒక దీపం వెలుగు, వాన, ఊపిరి చప్పుడు. మేం ఒకరి తర్వాత ఒకరం ఏదో ఒకటి మాట్లాడుతూనే ఉన్నాం. పెద్దాయన పద్యాలు చదివాడు. దోసెల ఆయన రేపటి పిండి రుబ్బుతూ గ్రైండర్ శబ్దం వినిపించాడు. నర్సు వదిన నిద్ర లేచి మళ్ళీ డ్యూటీకి తయారవుతూ ఫోన్ స్పీకర్‌లో పెట్టింది. ఇరవై మైళ్ళ దగ్గర ఆయన "ఇక నా వల్ల కాదర్రా" అన్నాడు. "ఆఫీసువాళ్ళ 2,000 పౌండ్లు వెనక్కిచ్చేయ్ అయితే" అంది డెంటిస్టక్క. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. ఆ తర్వాత మళ్ళీ అడుగుల చప్పుడు వినిపించింది. పదిన్నర దాటాక ఆయన ఫోన్ టింగుమంది. కెమెరా తన ముఖం వైపు తిప్పాడు. వాన నీళ్ళో కన్నీళ్ళో తెలీదు, మేమూ అడగలేదు. నేను పరుగెత్తిన ఆ అయిదున్నర గంటల కంటే ఈ రెండున్నర గంటలే నాకు ఎక్కువ గుర్తున్నాయి.

ఆ రోజు దూరం పూర్తిచేసినవాళ్ళు 37 వేలకు పైగా ఉన్నారట. మరుసటి రోజు మెట్లు దిగడం వెనక్కి తిరిగి. ఎడమ కాలి బొటనవేలి గోరు నల్లబడి, మూడో వారంలో ఊడింది. మెడల్ కోసం ఎదురుచూపే కాస్త పెద్దది. గ్రూపులో రోజూ ఒకరు "వచ్చిందా?" అని అడగడం. నవంబర్‌లో రెండో లాక్‌డౌన్ నడుస్తుండగా నాది వచ్చింది, టీషర్టుతో కలిపి. పోస్టతను దాన్ని గుమ్మంలో పెట్టి దూరంగా జరిగి, "మారథానా?" అని అడిగాడు. ఆ వారంలో అలాంటి ప్యాకెట్లు చాలానే ఇచ్చాడట. టీషర్టు నాకు వదులు, మా అబ్బాయి తీసుకున్నాడు. మెడల్ మాత్రం మా ఆయన రెండు చేతులతో పట్టుకుని బరువు చూసి, "బానే ఉందే" అన్నాడు. ఆగస్టులో అడిగిన ప్రశ్న మళ్ళీ అడగలేదు.

అసలు రేసుకి నేను 2021 అక్టోబర్ 3 అనుకున్నాను. లీడ్స్ అన్న 2023 అన్నాడు, అప్పటికి ఏప్రిల్‌కి మారుతుందని, చలికాలం ట్రైనింగే తనకి పడుతుందని. డెంటిస్టక్కకి మాత్రం ఆ సౌకర్యం లేకపోయింది, మళ్ళీ బాలట్‌లో పేరివ్వాల్సి వచ్చింది. పసుపు గ్లోవ్స్ ఆరబెట్టి దాచానంది.